గేటు తాతయ్య ఆకుపచ్చ టిక్కు

టకటకకు ఐదు నిమిషాలు కూడా పట్టలేదు.

"తెలిసిపోయింది! అంకుల్, నాకు తెలిసిపోయింది!" అంటూ కుర్చీలోంచి ఒక్క గెంతు గెంతింది.

ఆ పిల్ల అసలు పేరు స్కూలు రిజిస్టర్లో ఎక్కడో ఉంటుంది. ఇంట్లోనూ, వీధిలోనూ, అమ్మ ఆఫీసులోనూ అందరికీ టకటకే. ఏది అడిగినా టకటకా జవాబు చెప్పేస్తుంది మరి. అడగకపోయినా చెప్పేస్తుంది. అదే వచ్చిన చిక్కు.

ఆ రోజు శుక్రవారం. స్కూల్లో నీళ్ల పైపు పగిలి, క్లాసుల్లో చెప్పులు తేలుతున్నాయని సెలవిచ్చేశారు. దాంతో అమ్మ తనతోపాటు ఆఫీసుకు తీసుకొచ్చింది. అమ్మ ప్రోగ్రామర్. లిఫ్టు ఎక్కడ ఆగాలో, ఎప్పుడు తలుపు తియ్యాలో లిఫ్టుకు చెప్పే ప్రోగ్రాములు రాస్తుంది.

ఆ ఆఫీసు గోడకు ఒక తెల్ల బోర్డు ఉంది. సోమవారం పొద్దున దాని మీద ఒక పజిల్ రాస్తారు. శుక్రవారం సాయంత్రం ఆరింటికి తుడిచేస్తారు. పక్కనే అందరి పేర్లూ వరసగా ఉంటాయి. జవాబు కనిపెట్టినవాళ్లు గడ్డం అంకుల్ చెవిలో చెప్పి, తమ పేరు పక్కన ఆకుపచ్చ టిక్కు పెట్టుకుంటారు. పేర్లనూ, టిక్కులనూ మాత్రం ఎవరూ తుడవరు. ప్రోగ్రాము సరిగ్గా నడిస్తే వాళ్ల కంప్యూటర్లలో వచ్చేది కూడా అలాంటి టిక్కే. అది కనిపిస్తే చాలు, అంతంత పెద్దవాళ్లూ పిల్లల్లా కేరింతలు కొడతారు.

ఈ వారం పజిల్ ఆఫీసులోవాళ్ల మీదే రాశారు:

"డబ్బాలో ఆఖరి బిస్కెట్ మాయమైంది. పొడుగు, కళ్లజోడు, గడ్డం - ఈ ముగ్గురిలో ఒకరే తిన్నారు.
పొడుగు అన్నాడు: నేను తినలేదు.
కళ్లజోడు అంది: పొడుగే తిన్నాడు.
గడ్డం అన్నాడు: నేను తినలేదు.
వీళ్లలో నిజం చెప్పింది ఒక్కరే. తిన్నదెవరు?"

టకటక గడ్డం అంకుల్ చెవి దగ్గర నోరు పెట్టింది. "మీరే తిన్నారు!"

"అమ్మో, దొరికిపోయాను!" అని ఆయన గడ్డం దులుపుకున్నాడు. "ఎలా కనిపెట్టావ్?"

"పొడుగు అంకుల్ తింటే కళ్లజోడు ఆంటీ చెప్పిందీ నిజమే, మీరు చెప్పిందీ నిజమే. రెండు నిజాలు. కుదరదు. ఆంటీ తింటే మీరిద్దరు చెప్పిందీ నిజం. అదీ కుదరదు. మీరు తింటే ఒక్క పొడుగు అంకుల్ మాటే నిజం. కుదిరింది!"

"శభాష్! పెట్టుకో టిక్కు. కానీ మా ఆఫీసు పద్ధతి ఒకటుంది. జవాబు తెలిసినవాళ్లు పైకి చెప్పరు. ఎవరైనా చిక్కుకుపోతే ఒక్క ప్రశ్న అడుగుతాం, అంతే. పనిలో కూడా అంతే. ఒకరి కీబోర్డు మీద ఇంకొకరం చెయ్యి వెయ్యం."

"సరే సరే," అంది టకటక. రెండు 'సరే'లు అంటే ఆ పిల్ల వినలేదని అర్థం. అమ్మను అడిగినా అదే చెబుతుంది.

పేర్లలో అందరికన్నా కింద 'గేటు తాతయ్య' అని ఉంది. దాని పక్కన ఒక్క టిక్కూ లేదు.

"తాతయ్యకు పజిల్స్ రావా?" అని గడ్డం అంకుల్‌ను అడిగింది.

"చేరి మూడు నెలలేగా అయింది. ప్రతి సోమవారం పైకొచ్చి కాగితం మీద రాసుకుని వెళ్తాడు. ఈసారి దగ్గర దాకా వచ్చానన్నాడు. ఆరింటిలోపు వస్తాడేమో చూడాలి."

టకటక మెట్లు దిగి గేటు దగ్గరికి పరిగెత్తింది.

గేటు తాతయ్య తన చిన్న గదిలో కూర్చున్నాడు. ముందు ఒక స్టూలు, దాని మీద వచ్చిపోయే బళ్ల నంబర్లు రాసే పుస్తకం, పుస్తకం మీద నాలుగు మడతల కాగితం. మడతల దగ్గర అది చిరగడానికి సిద్ధంగా ఉంది. ఐదు రోజులుగా ఎన్నిసార్లు విప్పాడో, ఎన్నిసార్లు మడిచాడో!

"రా తల్లీ," అన్నాడు. "చూడు, ఇప్పుడే ఒక దారి దొరికింది. పొడుగు సారు తిన్నాడనుకుందాం. అప్పుడు రెండు నిజాలవుతున్నాయి. అంటే ఆయన కాదు. ఇంక మిగిలింది..."

"గడ్డం అంకుల్!" అనేసింది టకటక. అంతటితో ఊరుకుందా? ఎందుకో, ఎలాగో వేళ్ల మీద లెక్కపెట్టి మరీ గడగడా అప్పచెప్పేసింది.

తాతయ్య పెన్సిలు ఆగిపోయింది.

"ఆఁ. అవునమ్మా, నిజమే," అన్నాడు నెమ్మదిగా. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"పదండి తాతయ్యా, వెళ్లి టిక్కు పెట్టుకోండి!"

"అది నాది కాదు కదా తల్లీ."

"ఎవరూ చూడలేదు. నేను ఎవరికీ చెప్పనుగా!"

తాతయ్య నవ్వాడు. కానీ ఆ నవ్వు కళ్లదాకా రాలేదు. "చిన్నప్పుడు నేను క్లాసులో కాస్త నెమ్మది. టీచరు లెక్క అడిగేది. నేను వేళ్లు మడుచుకుంటూ ఉండేవాణ్ణి. ఇదిగో వచ్చేస్తోంది, ఇదిగో వచ్చేస్తోంది అనుకునేసరికి, ఎవరో ఒకరు లేచి చెప్పేసేవారు. ఎప్పుడూ అంతే. ఇక్కడైతే ఎంతసేపైనా ఆగుతారని సరదా పడ్డాను. పోనీలే, నువ్వు మంచికే చెప్పావు. మళ్లీ సోమవారం ఇంకోటి రాస్తారుగా!"

ఇంతలో బయట కారు హారన్ మోగింది. తాతయ్య లేచి గేటు తియ్యడానికి వెళ్లాడు. తిట్టినా బాగుండేది అనిపించింది టకటకకు. 'నువ్వు మంచికే చెప్పావు' అనేసరికి ఎక్కడలేని ఏడుపూ వచ్చేసింది.

పైకొచ్చి అమ్మ కుర్చీ పక్కన నిలబడి జరిగిందంతా చెప్పింది. మధ్యలో రెండుసార్లు ముక్కు చీదింది.

అమ్మ అంతా విని చేతిరుమాలు ఇచ్చింది. "ఊఁ. మరి ఇప్పుడేం చేస్తే బాగుంటుంది?"

"అమ్మా! ఇప్పుడు కూడా ప్రశ్నేనా?"

"మా ఆఫీసు పద్ధతి అంతే," అంది అమ్మ, తల నిమురుతూ.

టకటక బోర్డు ముందు చాలాసేపు కూర్చుంది. తర్వాత గడ్డం అంకుల్ దగ్గరికెళ్లింది. "తాతయ్యకు నేనే కొత్త పజిల్ చేసిస్తాను. అది కనిపెడితే ఈ బోర్డు మీద టిక్కు పెట్టుకోవచ్చా?"

"పజిల్ ఏదైనా పజిలే. ఆరింటిలోపు అయితే పెట్టుకోవచ్చు."

ఆఫీసులో వెనక ఒక పెద్ద బల్ల ఉంది. రాసి రాసి విసుగొస్తే అందరూ అక్కడికొచ్చి చేత్తో ఏదో ఒకటి చేస్తుంటారు. టీ చల్లారితే కీచుమని అరిచే కప్పు స్టాండు కూడా అక్కడ పుట్టిందే. దాని అరుపు భరించలేక ఇప్పుడు అందరూ టీ వేడిగానే తాగేస్తున్నారు.

టకటక ఒక అట్టపెట్టె తెచ్చుకుంది. దానికి నాలుగు స్విచ్చులు బిగించింది: ఎరుపు, పచ్చ, పసుపు, నీలం. పైకి వేస్తే ఆన్, కిందికి వేస్తే ఆఫ్. పైన ఒక చిన్న బల్బు, ముందు ఒక పెద్ద బటను, లోపల బ్యాటరీ. గడ్డం అంకుల్ దారి చూపించాడు. "కరెంటు ఒక్కో స్విచ్చూ దాటుకుంటూ బల్బుదాకా వెళ్లాలి. ఏ ఒక్కటి దారి ఇవ్వకపోయినా బల్బు వెలగదు. పైకి వేస్తే దారివ్వాలా, కిందికి వేస్తే దారివ్వాలా అన్నది నువ్వు వైరు ఏ వైపు కలిపావన్నదాన్ని బట్టి ఉంటుంది."

పజిల్ కూడా టకటకే ఆలోచించింది. కాగితాలు చించి, మళ్లీ రాసి, మళ్లీ చించి, ఆఖరికి ఒక చీటీ మీద నాలుగు వరసలు మిగిల్చింది:

"ఎరుపు, పచ్చ కలిసి ఆన్ కావు, కలిసి ఆఫ్ కావు. ఒకటి ఆన్ అయితే రెండోది ఆఫ్.
పచ్చ ఎలా ఉంటే పసుపూ అలాగే.
నాలుగింటిలో మూడు ఆన్‌లో ఉండాలి.
సరిచూసుకుని పెద్ద బటను నొక్కండి. ఒక్కసారే!"

స్క్రూలన్నీ బిగించి, సరైన జవాబు ప్రకారం స్విచ్చులు వేసి, బటను నొక్కింది. బల్బు వెలగలేదు.

మళ్లీ నొక్కింది. ఊహూఁ.

అప్పటికి నాలుగున్నర. కొత్త బ్యాటరీ వేసింది, బల్బు మార్చింది. అయినా చీకటే. గడ్డం అంకుల్ చేతులు రెండూ జేబుల్లో పెట్టుకుని నిలబడ్డాడు. "కరెంటు బ్యాటరీలోంచి బయల్దేరింది, సరే. ఎక్కడిదాకా వచ్చింది?" అని మాత్రం అడిగాడు.

టకటక వేలితో వైరు వెంట నడిచింది. బ్యాటరీ... పచ్చ... దాటింది. పసుపు... దాటింది. నీలం...

అటుగా కాఫీ కప్పుతో వెళ్తున్న పొడుగు అంకుల్ పెట్టెలోకి తొంగిచూశాడు. "ఓస్, ఇంతేనా! ఆ ఎర్ర..."

"చెప్పొద్దు! చెప్పొద్దంకుల్! నాకు వచ్చేస్తోంది!" అని టకటక గట్టిగా అరిచింది.

అరిచి, అలాగే ఉండిపోయింది. ఇదిగో వచ్చేస్తోంది అనుకునేసరికి ఎవరో ఒకరు చెప్పేసేవారు. తాతయ్య అన్న మాట ఇప్పుడు తనకే తగిలింది. పొద్దున ఆయన పెన్సిలు ఎలా ఆగిపోయిందో గుర్తొచ్చి, ముఖమంతా వేడెక్కింది.

పొడుగు అంకుల్ రెండు చేతులూ పైకెత్తి, "తప్పయిపోయింది," అని వెళ్లిపోయాడు.

టకటక మళ్లీ వైరు మీద వేలు పెట్టింది. నీలం... దాటింది. ఎరుపు... ఆగు! జవాబులో ఎరుపు ఆఫ్‌లో ఉండాలి. అంటే కిందికి ఉన్నప్పుడే దారివ్వాలి. తను మాత్రం మిగతా మూడింటిలాగే పైవైపు కలిపేసింది! వైరు విప్పి రెండో వైపు బిగించింది. బటను నొక్కింది.

బల్బు వెలిగింది. అంత చిన్న బల్బుకు టకటక పెట్టిన కేక వీధి చివరిదాకా వినిపించి ఉంటుంది.

ఐదూ ఇరవైకి పెట్టె గేటు గదిలో స్టూలు మీదికి చేరింది.

"తాతయ్యా, పొద్దున నేను మీ పజిల్ పాడుచేశాను. సారీ. ఇది మీకోసం చేశాను. ఈసారి ఒక్క ముక్క మాట్లాడను."

తాతయ్య కళ్లజోడు తుడుచుకుని, చీటీ రెండుసార్లు చదివాడు. స్విచ్చులన్నీ కిందికి దించాడు. కాసేపు ఆలోచించి ఎరుపును పైకి వేశాడు.

అయ్యో! ఎరుపు కాదు తాతయ్యా! మాట టకటక నాలుక చివరిదాకా వచ్చింది. రెండు అరచేతులూ నోటి మీద పెట్టేసుకుంది.

హారన్ మోగింది. తాతయ్య లేచి, గేటు తీసి, నంబరు రాసి, వచ్చి కూర్చుని, చీటీ మళ్లీ మొదటినుంచి చదివాడు. ఐదు నిమిషాలకు ఇంకో కారు. తర్వాత ఒక స్కూటరు. లోకంలో ఉన్న బళ్లన్నీ ఈ గేటుకే రావాలా అని టకటక పళ్లు నూరింది. ఐదూ నలభై అయింది. అమ్మా, గడ్డం అంకులూ, కళ్లజోడు ఆంటీ కిందికొచ్చి దూరంగా నిలబడ్డారు.

"ఎరుపు వేస్తే పచ్చ వెయ్యకూడదు," తాతయ్య తనలో తాను అనుకుంటున్నాడు. "పచ్చ లేకపోతే పసుపూ లేదు. ఇంక ఎరుపు, నీలం... రెండే. మూడెలా అవుతాయి?"

పెద్ద బటను మీద ఆయన వేలు ఆగింది. టకటక ఊపిరి బిగబట్టింది.

"ఉండుండు," అన్నాడు తాతయ్య. ఎరుపును కిందికి దించేశాడు. "ఎరుపే లేకపోతే? పచ్చ వస్తుంది. పచ్చతో పసుపు వస్తుంది. నీలంతో... మూడు!"

టక్. టక్. టక్. తర్వాత పెద్ద బటను.

బల్బు వెలిగింది.

తాతయ్య బటను మీంచి వేలు తియ్యలేదు. "నేనే కనిపెట్టానా?" అన్నాడు ఆఖరికి.

"మీరే తాతయ్యా! మీరే!" ఇరవై అయిదు నిమిషాలు నొక్కిపెట్టిన మాటలన్నీ టకటక నోట్లోంచి ఒక్కసారిగా తన్నుకొచ్చాయి.

రాత్రి డ్యూటీ బాబాయ్ అప్పుడే సైకిలు దిగాడు. గేటు ఆయనకు అప్పగించి అందరూ పైకి పరిగెత్తారు. ఆరుకు ఏడు నిమిషాలుంది. తుడవడానికి డస్టరు పట్టుకున్న పొడుగు అంకుల్ పక్కకు తప్పుకున్నాడు. తాతయ్య ఆకుపచ్చ మార్కర్ తీసుకుని తన పేరు పక్కన టిక్కు పెట్టాడు. అది కొంచెం వంకరగా వచ్చింది. దాని మీదే ఇంకోసారి దిద్దాడు.

ఇంటికి బయల్దేరుతూ టకటక, అమ్మ, తాతయ్య గేటు దగ్గరికొచ్చేసరికి, రాత్రి డ్యూటీ బాబాయ్ పెట్టె ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. అప్పటికే నుదురంతా ముడతలు పడిపోయింది. ఎరుపు పైకే ఉంది.

"అన్నా, ఇది నీకు వచ్చిందటగా, జవాబు చెప్పు," అన్నాడు.

"చెప్పను," అన్నాడు తాతయ్య దర్జాగా.

"పోనీ పాపా, నువ్వు చెప్పమ్మా. నువ్వే చేశావటగా!"

టకటక తాతయ్య వైపు చూసింది. బాబాయ్ పక్కన నేల మీద చతికిలబడి, రెండు చేతులూ వెనక్కి కట్టుకుంది.

"మీరు ఆలోచించండి బాబాయ్, మేం ఆగుతాం," అంది. "కావాలంటే ఒక్క ప్రశ్న అడగనా?"