మూడో బొటనవేలి గుర్తు

నవంబరు వచ్చిందంటే స్ట్రాస్‌బూర్గ్‌లో సాయంత్రం అంటూ ఉండదు. మధ్యాహ్నం భోజనాలయ్యాక వెలుతురు కాసేపు మొహం చూపించి వెళ్లిపోతుంది. ఆపైన అంతా పొగమంచే. ఆ సోమవారం కూడా అంతే. కాలువ గట్టు మీద దీపాలు వెలిగించారు గానీ వాటి కింద నేల కనిపించడం లేదు. నీటి వాసన, బొగ్గుపొగ వాసన, ఎక్కడో ఉల్లిపాయలు మగ్గుతున్న వాసన కలిసి వీధంతా పట్టేశాయి.

ఆ ఉల్లిపాయలు ఫ్రీడా వంటింటివి. పేటలో ఆమె భోజనశాల తెలియనివాళ్లు లేరు. తలుపు మీద చేప బొమ్మ ఎప్పటిదో. దాని కింది అక్షరాలు మాత్రం జర్మన్లు వచ్చినప్పుడు జర్మన్‌లోకి, ఫ్రెంచివాళ్లు వచ్చినప్పుడు ఫ్రెంచిలోకి మారుతూ వచ్చాయి. లోపల వంట మారలేదు. అక్కడ మర్యాదలు ఫ్రెంచిలో, తిట్లు జర్మన్‌లో, మనసులో మాట పేట సొంత యాసలో నడుస్తాయి.

ఓడీల్‌కి ఆ గుమ్మం చిన్నప్పటినుంచీ అలవాటే. అయినా ఆ రోజు మధ్యాహ్నం మార్సెల్‌తో కలిసి వంటింటి దారిన లోపలికి వెళ్లేటప్పుడు గడప దగ్గర ఆగిపోయింది. ఫ్రీడా ఆమెకి ఒకప్పుడు కాబోయిన అత్తగారు. ఫ్రీడా ఒక్కగానొక్క కొడుకు లూసియన్ పీపాలు చేసేవాడు. వాడికీ ఓడీల్‌కీ పెళ్లి నిశ్చయమైన వారమే జర్మన్ సైన్యం ఈ ప్రాంతపు కుర్రాళ్లందరినీ బలవంతాన పట్టుకెళ్లి రష్యా మంచులోకి తోలింది. యుద్ధం అయిపోయి తొమ్మిదేళ్లయింది. కొంతమంది తిరిగొచ్చారు. లూసియన్ రాలేదు. పోయాడన్న కబురూ రాలేదు. సమాధి ఉంటే వెళ్లి ఏడ్చి, ఒక పువ్వు పెట్టి, సెలవు అడిగి వచ్చేది ఓడీల్. ఎవరిని అడగాలో తెలియకే ముప్పై దాటిపోయింది.

"అత్తా, మార్సెల్‌ని చేసుకుంటున్నా," అంది, గుమ్మంలోనే నిలబడి.

ఫ్రీడా కత్తి ఆపలేదు. ఉల్లిపాయ మీద ఉల్లిపాయ తరుగుతూనే ఉంది. కళ్లవెంట నీళ్లు కారిపోతున్నాయి.

"ఏడుస్తున్నావా?"

"ఉల్లిపాయలే పిచ్చిదానా. ఎప్పుడు పెళ్లి?"

"క్రిస్మస్‌కి ముందు."

"అయితే కుండ నా ఇంట్లోనే పెట్టాలి. ఇంకెక్కడైనా పెట్టారో, కాళ్లు విరగ్గొడతాను ఇద్దరికీ." అని చేతులు తుడుచుకుని, ఓడీల్ తలని గట్టిగా గుండెకి అదుముకుంది. ఓడీల్ అప్పుడు ఏడ్చింది. ఆమెకి అక్కడ ఉల్లిపాయల సాకు కూడా లేదు.

ఆ కుండ సంగతి పేటలో అందరికీ తెలిసిందే. మూడు రకాల మాంసం ముందురోజే తెల్ల వైన్‌లో నానబెట్టి, బంగాళదుంపలతో వరుసలుగా మట్టికుండలో పేర్చి, మూత పెట్టి, ఆవిరి పోకుండా పిండిని తాడులా పేని చుట్టూ అతికిస్తారు. దాన్ని ఎదుటి బేకరీకి పంపిస్తే, రొట్టెలు దిగిపోయిన పొయ్యిలో సాయంత్రం దాకా మగ్గుతుంది. పెళ్లి నిశ్చయమైన జంట మొదటి కుండ మీద పిండికట్టులో పక్కపక్కన బొటనవేళ్లు నొక్కాలి. కుండ మీద ఎవరెవరి వేలు ఉందో వాళ్లందరూ బల్ల దగ్గర కూర్చున్నాకే కట్టు పగలగొట్టాలి.

లూసియన్, ఓడీల్ కూడా నొక్కారు. కుండ పొయ్యిలో ఉండగానే సైనికులు వచ్చి వాణ్ణి స్టేషన్‌కి లాక్కెళ్లారు. కుండ వచ్చింది, వాడు రాలేదు. ఫ్రీడా దాన్ని ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. నేలమాళిగలో పెట్టి, వాసన ఇల్లంతా పట్టేదాకా ఉంచి, చివరికి పెరట్లో కట్టు విప్పకుండానే పాతిపెట్టింది. కొడుకు ఆ పూట ఆకలితో వెళ్లిపోయాడన్న దిగులు ఆమెకి ఈనాటికీ తీరలేదు.

ఇప్పుడు అదే వంటింట్లో, ఆ రోజు బేరానికని ముందురోజే నానబెట్టిన మాంసంతో పేర్చిన కుండ మీద, ఓడీల్ వేలు నొక్కింది. పక్కన మార్సెల్ నొక్కాడు. ఫ్రీడా గుడ్డ కప్పి కుండని బేకరీకి మోసుకెళ్లింది.

సాయంత్రం భోజనాల వేళకి ఇద్దరూ మంచి బట్టలు కట్టుకుని వచ్చారు. తలుపు తీయగానే పైన గంట గణగణమంది. లోపల వెచ్చగా ఉంది. పొగమంచుకి జడిసి బేరాలు రాలేదు. రోజూ వచ్చే గాంగ్లోఫ్ ముసలాయన ఒక్కడే తన మూలలో గ్లాసు ముందు పెట్టుకుని ఉన్నాడు.

"ఏమయ్యా ట్రాము దొరా," అన్నాడు మార్సెల్‌ని చూసి. మార్సెల్ ట్రాము నడుపుతాడు. "ఇన్నాళ్లకి స్టేషన్ చేరావన్నమాట. దారిలో ఎన్నిచోట్ల ఆగావు?"

మార్సెల్ తల తిప్పి కుడిచెవి చూపించాడు. "ఈ పక్క చెప్పండి పెద్దాయనా. ఆ పక్క తలుపు మూసుంది." చిన్నప్పుడు జ్వరం వచ్చి ఎడమచెవి పూర్తిగా పోయింది. సైన్యం అతన్ని వదిలెయ్యడానికి కారణం కూడా ఆ చెవే.

"అదృష్టవంతుడివి. పెళ్లయ్యాక పెళ్లాన్ని ఎప్పుడూ ఆ పక్కనే కూర్చోబెట్టుకో."

ఓడీల్ నవ్వింది. చాలా రోజుల తర్వాత మనసారా నవ్వింది. అలవాటు ప్రకారం మార్సెల్‌కి కుడివైపున కూర్చుంది. అతనికి ఎడమవైపు, పొయ్యి దగ్గర, ఎవరూ కూర్చోని కుర్చీ ఒకటి ఉంది. అది లూసియన్ కుర్చీ. దాని సంగతి ఎవరూ ఎత్తరు.

ఫ్రీడా బేకరీ నుంచి కుండ తెచ్చింది. బల్ల మీద పెట్టింది. మూత మీంచి చెయ్యి మాత్రం తియ్యలేదు.

"పగలగొట్టకండి," అంది. గొంతు ఆమెది కాదనిపించింది.

"ఏమైంది అత్తా?"

ఫ్రీడా దీపం దగ్గరకి జరిపింది. పిండికట్టు ఎర్రగా కాలి గట్టిపడింది. దాని మీద పక్కపక్కన గుర్తులు. చిన్నది ఓడీల్‌ది. వెడల్పుది మార్సెల్‌ది. ఆ పక్కన ఇంకొకటి.

మూడోది.

"బేకరీలో ఎవడో వేలు పెట్టుంటాడు," అన్నాడు మార్సెల్.

"సరిగ్గా చూడు."

ఆ గుర్తుకి అడ్డంగా, ఏటవాలుగా, సన్నని గీత ఉబ్బి ఉంది. పీపా చెక్క చెక్కుతూ లూసియన్ ఒకసారి బొటనవేలు చీల్చుకున్నాడు. ఆ గాయానికి కట్టు కట్టింది ఓడీలే. మానాక ఆ గంటుని ఎన్నిసార్లు ముద్దు పెట్టుకుందో ఆమెకే తెలుసు.

గాంగ్లోఫ్ లేచి నిలబడి టోపీ తీశాడు. ఫ్రీడా బీరువా తెరిచి, ఇంకో పళ్లెం, చెంచా, గ్లాసు తెచ్చి ఖాళీ కుర్చీ ముందు పెట్టింది. పేటలో పుట్టిన ఏ ఆడదైనా అదే చేస్తుంది. వేలు ఉన్నవాడికి పళ్లెం పెట్టకుండా కట్టు ఎలా పగలగొడతారు? దీన్నీ కట్టు విప్పకుండా పాతేద్దామని ఎవరికీ అనాలనిపించలేదు. ఆ కుండని అలాగే పెరట్లో పాతేసి ఉంటే ఏమయ్యేదో.

వాళ్లు ఎదురుచూశారు.

పొయ్యిలో బొగ్గు చిటపటలాడటం ఆగిపోయింది. బయట కాలువ మీద పడవల చప్పుడు ఆగిపోయింది. దీపం మంట చిన్నదైంది.

తలుపు మీద గంట మోగింది.

తలుపు తెరుచుకోలేదు...

నేల మీదుగా చలి పాకి వచ్చింది. ముందు చీలమండలకి తగిలింది, తర్వాత మోకాళ్లకి. తడిసిన ఉన్ని వాసన... పచ్చికట్టె పొగ వాసన... చాలా రోజులు తిండిలేని నోటి వాసన. కుర్చీ కిర్రుమంది. బరువు లేని మనిషి కూర్చున్నట్టు, కొంచెమే.

ఓడీల్ మార్సెల్ చెయ్యి పట్టుకుంది. అతను పాలిపోయాడు. ఎడమచెవి మీద అరచెయ్యి పెట్టుకున్నాడు.

"ఏంటి?" గుసగుసగా అడిగింది.

"ఎవరో... ఈ చెవిలో..."

"అది వినపడదుగా."

"వినపడుతోంది."

ఫ్రీడా బల్ల అంచు పట్టుకుంది. "ఏమంటున్నాడు? నా కొడుకు ఏమంటున్నాడు బాబూ?"

మార్సెల్ పెదవులు తడుపుకున్నాడు. "ఆకలి... ఆకలి అంటున్నాడు."

ఫ్రీడా ఏడవలేదు. కత్తి తీసి, వేలిగుర్తులు చెదరకుండా అవతలి వైపున కట్టు పగలగొట్టి, మూత ఎత్తింది. ఆవిరి లేచింది. పైకి పోలేదు. వంగి, ఖాళీ కుర్చీ వైపు మళ్లింది. కుండ అడుగు దాకా గరిటె పెట్టి, మంచి ముక్కలన్నీ ఏరి ఆ పళ్లెంలో పెట్టింది. ముందు వాడికి. తర్వాత మిగిలినవాళ్లకి.

"తిను నాన్నా. వేడిగా ఉంది, మెల్లిగా తిను."

ఓడీల్ ఆ పళ్లెం వంక చూస్తూ కూర్చుంది. భయం ఉంది. భయం కంటే జాలి ఎక్కువ ఉంది. మంచులో ఎక్కడో ఆకలితో పడి ఉన్నవాడు ఈ పళ్లెం కోసం ఇంత దూరం నడిచొచ్చాడా అనుకుంది. కానీ ఇప్పుడు అడగకపోతే ఇంకెప్పుడూ అడగలేననిపించింది.

"లూసియన్," అంది. "నేను మార్సెల్‌ని చేసుకుంటున్నా. యుద్ధం అయ్యాక కూడా తొమ్మిదేళ్లు చూశాను. నన్ను వదిలెయ్యి... వదిలేసి వెళ్లు. నీకు పుణ్యముంటుంది."

చెంచా పళ్లేనికి తగిలిన చప్పుడు. చెంచా కదలలేదు.

మార్సెల్ తల ఎడమవైపు వాల్చి వింటున్నాడు. చాలాసేపు విన్నాడు.

"ఏమన్నాడు?"

మార్సెల్ కళ్లు మూసుకున్నాడు. ఒక్కసారి ఒళ్లు జలదరించింది. మళ్లీ తెరిచాడు.

"సరే అన్నాడు."

దీపం మంట పెరిగింది. బొగ్గు మళ్లీ చిటపటలాడింది. చలి పోయింది. ఖాళీ కుర్చీ ముందు పళ్లెంలో కూర అలాగే ఉంది. దాని మీద నెయ్యిలా గడ్డకట్టిన కొవ్వు తెల్లగా పేరుకుపోయింది, వారం రోజుల కిందటి దానిలా.

గాంగ్లోఫ్ పిండికట్టు చూపించాడు. "చూడండి, చూడండి... రెండే ఉన్నాయి."

నిజమే. మూడు గుర్తులు కాదు, రెండే. ఫ్రీడా అప్పుడు కుర్చీలో కూలబడి, రెండు చేతులతో మొహం కప్పుకుని, తొమ్మిదేళ్ల ఏడుపు ఏడ్చింది. "తిన్నాడు. వెళ్లాడు. నా బిడ్డ కడుపునిండా తిని వెళ్లాడు," అంటూనే ఉంది. ఓడీల్ ఆమె వీపు నిమిరింది. తనకీ ఏడుపొచ్చింది, హాయిగా ఉంది. మార్సెల్ మాత్రం వంచిన తల ఎత్తకుండా తిన్నాడు. తనది తిన్నాడు, ఓడీల్ వదిలేసింది తిన్నాడు, కుండ అడుగున మాడినది కూడా గీరి తిన్నాడు.

"భయపడ్డాడు పాపం, తిననీ," అన్నాడు గాంగ్లోఫ్.

వెళ్లేటప్పుడు ఫ్రీడా గుర్తులున్న పిండిముక్కని జేబురుమాల్లో చుట్టి ఓడీల్ కోటు జేబులో పెట్టింది. జంట కుండ ముక్క ఇంట్లో ఉంటే మంచిదంటారు. తలుపు తీస్తే గంట గణగణమంది. ఆ చప్పుడు విన్నాక ఓడీల్‌కి ఏదో గుర్తొచ్చింది గానీ, ఏమిటో అందలేదు.

వంతెన మీదకి వచ్చేసరికి పొగమంచు ఇంకా చిక్కబడింది. ఇద్దరూ చేతులు పట్టుకుని నడుస్తున్నారు. అప్పుడు అందింది ఆమెకి. ఇందాక లూసియన్ లోపలికి వచ్చినప్పుడు గంట మోగింది. వెళ్లినప్పుడు మోగలేదు.

మోగలేదు...

జేబులో చెయ్యి పెట్టింది. రుమాలు విప్పి, చీకట్లోనే వేలితో తడిమింది. ఒక గుంట చిన్నది. తన బొటనవేలు అందులో సరిగ్గా ఇమిడింది. రెండో గుంట దగ్గరికి వేలు జరిపింది. మధ్యలో, అడ్డంగా, ఏటవాలుగా, సన్నని గీత తగిలింది.

మార్సెల్ వేలు ఆ పిండి మీద ఎక్కడా లేదు.

తను అతనికి ఎడమవైపున నడుస్తోందని ఓడీల్ అప్పుడే గమనించింది. ఎప్పుడూ కుడివైపే నడిపించేవాడు. ఇవాళ అతనే ఇటు తిప్పుకున్నాడు.

ఆమె ఆగలేదు. చెయ్యి విడిపించుకోలేదు. విడిపించుకోవాలని ఉందో లేదో ఆమెకే తెలియలేదు. పొగమంచు వైపు మొహం తిప్పుకుని, తనకే వినపడనంత మెల్లిగా ఆ పేరు పలికింది.

"లూసియన్..."

"ఊఁ," అన్నాడు పక్కనున్నవాడు. కొంచెం ఆగి, ఆమె చేతిని ఇంకా దగ్గరికి లాక్కుని, గుసగుసగా అన్నాడు. "ఆకలేస్తోంది, ఓడీల్."