కారిగ్‌బాన్ ఎత్తులో నాలుగో గేరు

కారిగ్‌బాన్ ఎత్తు మీద హ్యాండ్ బ్రేక్ వెయ్యకూడదు. ఐర్లండులో మా లీట్రిమ్ పిల్లలకి అక్షరాలకన్నా ముందు వచ్చేది ఈ మాట.

డ్రమ్‌కీల్ నుంచి కిల్‌వోరా పోవాలంటే ఆ ఎత్తు ఎక్కి దిగాల్సిందే. ఇంకాసేపట్లో పైకి చేరతామనగా ఒక మలుపు వస్తుంది... అక్కడ ఉంటుంది బిడ్డీ ముసలమ్మ. గుర్రబ్బళ్ల కాలంలో ఒక రాత్రి వానలో తడుస్తూ, ఎక్కించుకోండి నాయనా అని వచ్చేపోయే బండినల్లా బతిమాలిందట. ఒక్కడూ ఆపలేదు. తెల్లారేసరికి అక్కడే బిగుసుకుపోయింది. అప్పట్నుంచి ఎత్తెక్కే ప్రతి బండినీ వెనకనుంచి పట్టుకు లాగుతుంది.

అందుకని మావాళ్లు ఆ మలుపులో కారు ఆపి, పక్కకి వంగి, ఎడమవైపు తలుపు తెరిచి, "ఎక్కు తల్లీ" అంటారు. ఒక క్షణం ఆగి, తలుపేసుకుని పోతారు. ఇంజను ఆపకూడదు. హ్యాండ్ బ్రేక్ మాట ఎత్తకూడదు — వేస్తే, వీడు నా దగ్గరే ఉండిపోతాడని ముసలమ్మ సంబరపడుతుందట. ఇన్ని మర్యాదలు చేసినా ఏటా అరడజను కార్లు అక్కడే కూలబడతాయి.

నేను దెయ్యాల్ని నమ్మే మనిషిని కాను. ఇరవై రెండేళ్లుగా అక్కడ తలుపు తెరుస్తున్నాను, అది వేరే సంగతి.

పోయిన డిసెంబరులో జరిగింది మాలకీ చెప్పగా విన్నాను. మాలకీ మా ఊళ్లో శవాల బండి నడుపుతాడు. బతికున్నవాళ్లతో మాట్లాడాల్సి వస్తే తడబడతాడుగానీ, అబద్ధమాడే తెలివితేటలు లేవు.

ఆ మంగళవారం ఫెర్గల్ గిల్‌రాయ్ పోయాడు. పోయినందుకు ఎవరికీ పేచీ లేదు, ఎనభై దాటిన మనిషి. పేచీ అంతా ఎక్కడ పూడ్చాలన్నదాని మీద.

ఆయన భార్య డింప్నాది అవతలి కిల్‌వోరా. పుట్టింటివాళ్ల సమాధుల పక్కన ఇద్దరికీ చోటు ఉంచుకుంది. ఫెర్గల్ తమ్ముడు లోర్కన్ మాత్రం కుదరదన్నాడు.

"కిల్‌వోరా జనంతో ఒక్క కప్పు టీ తాగాలంటేనే చచ్చేవాడు మా అన్న. లోకం అంతమయ్యేదాకా వాళ్ల పక్కన పడుకుంటాడా? పబ్బులో నాతో అన్నాడు వదినా — నన్ను ఈ ఎత్తు దాటించకురా అని."

"వంటింట్లో నాకు మాటిచ్చాడు, వస్తానని."

"ఎవరు విన్నారు?"

"పబ్బులో ఎవరు విన్నారు?"

శవం పక్కనే, హ్యామ్ శాండ్‌విచ్‌లు తింటూ, రెండు రోజులు ఇదే గోల. చివరికి లోర్కన్ ఒక మెలిక పెట్టాడు. ఎత్తు దాటనిస్తే కిల్‌వోరా. ఎత్తు ఆపేస్తే అన్నయ్యే వద్దన్నట్టు లెక్క, వెనక్కి తిప్పి డ్రమ్‌కీల్‌లోనే పూడ్చాలి. డింప్నా ఒళ్లు మండి, "సరే" అనేసింది.

గురువారం సాయంత్రం నాలుగున్నరకి బయల్దేరారు. డిసెంబరు కదా, అప్పటికే చీకటి. ఆరింటికి కిల్‌వోరా చర్చిలో ఫాదరు ఎదురుచూస్తుంటాడు. శవాల బండిలో ముందు సీట్లో, మాలకీ పక్కన డింప్నా. వెనక పెట్టెలో ఫెర్గల్. ఆ వెనక లోర్కన్ కారు, ఇంకో పది కార్లు.

ఒక్క సంగతి చెప్పాలి. మా చుట్టుపక్కల ఊళ్లలో సగం మందికి డ్రైవింగు నేర్పింది డింప్నాయే. నాలుగుసార్లు తప్పిన మాలకీని ఐదోసారి గట్టెక్కించింది కూడా ఆవిడే.

మలుపు వచ్చింది. బండి ఆగింది. మాలకీ ఆవిడ ఒడి మీదుగా వంగి తలుపు తెరిచాడు. చల్లగాలి రివ్వున లోపలికొచ్చింది.

"ఎక్కు తల్లీ," అన్నాడు.

అంతటితో ఊరుకోలేదు. శవాలతో పని చేసేవాడు కదా, మామూలు జనంకన్నా భయభక్తులు ఎక్కువ. కళ్లు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టాడు... ఒకటి... రెండు... పది. అంతసేపూ ఆ నిట్టనిలువు ఎత్తు మీద సగం తొక్కిన క్లచ్ మీదే బండిని నిలబెట్టాడు.

"హ్యాండ్ బ్రేక్ వెయ్యరా," అంది డింప్నా పళ్లు బిగబట్టి.

"అమ్మో... ఇక్కడా, టీచరమ్మా?"

తలుపు మూశాడు. క్లచ్ మీదనుంచి కాలు తీశాడు. యాక్సిలరేటరు తొక్కాడు.

ఇంజను గాండ్రించింది... బండి జానెడు కదిలింది... ఆగింది.

ఇంకా తొక్కాడు. ఇంజను గొంతు చించుకుంటోంది. చక్రం మాత్రం తిరగడం లేదు. అచ్చం వెనకనుంచి ఎవరో పట్టుకున్నట్టే —

అప్పుడు వచ్చింది వాసన. కాలిన వెంట్రుకల వాసన. బండి కిందనుంచి సన్నగా పొగ.

వెనక కార్లలోంచి జనం దిగారు. ఒకళ్లూ దగ్గరకి రాలేదు. "అప్పుడే అంటుకున్నాడా?" అని ఎవరో గుసగుసలాడారు. ఫెర్గల్ చేసిన పాపాలు తెలిసినవాళ్లు కాదనలేకపోయారు.

లోర్కన్ టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. ఏడుస్తున్నాడు, నిజంగానే.

"చెప్పాను కదా వదినా... రానంటున్నాడు. తిప్పేద్దాం."

డింప్నా వెనక్కి తిరిగి పెట్టె వైపు చూసింది. ఆ నిమిషంలో తనకీ అనుమానం వచ్చిందని తర్వాత మాలకీతో ఒప్పుకుంది. వంటింట్లో ఆయన మాటిచ్చింది నిజమే. కానీ పేపరు చదువుతూ ఇచ్చాడు.

"దిగు మాలకీ," అంది చివరికి.

ఆవిడ కాలు చాపి బ్రేకు తొక్కిపట్టాక దిగాడు. ఆవిడ ఇటుపక్కకి జరిగి స్టీరింగు ముందు కూర్చుంది. అద్దం దించింది.

"లోర్కన్, వెనక చక్రాల మీద చెయ్యి పెట్టి చూడు. వేడిగా ఉన్నాయా?"

వంగి పెట్టాడు. "మంచుగడ్డల్లా ఉన్నాయి."

"అయితే బ్రేకులు పట్టెయ్యలేదు. అందరూ పక్కకి తప్పుకోండి." గేరు తప్పించి బ్రేకు మీద కాలు కాస్త సడలించింది. బండి చప్పుడు లేకుండా వెనక్కి జారింది. జనం కెవ్వుమన్నారు. ఆపింది. "చూశారా? చక్రాల్ని ఎవరూ పట్టుకోలేదు. గేర్లు వెన్నలా పడుతున్నాయి, కాబట్టి గేర్‌బాక్సూ కాదు. ఇక మిగిలింది ఒకటే..."

చెయ్యి కిందికి పోనిచ్చింది.

"వద్దు!" అని లోర్కన్ అరిచేలోపే —

కర్ర్‌ర్... హ్యాండ్ బ్రేక్ లాగేసింది. కారిగ్‌బాన్ ఎత్తు మీద! బిడ్డీ ముసలమ్మ మలుపులో!

ఆకాశం విరిగి పడలేదు. ఎక్కడో ఒక గొర్రె అరిచింది.

"ఇప్పుడు వినండి," అంది డింప్నా, డ్రైవింగు నేర్పేటప్పటి గొంతుతో. "బ్రేకు వేసి ఉంది. నాలుగో గేరు వేస్తున్నాను. క్లచ్ మీదనుంచి కాలు తీసేస్తాను. క్లచ్ బాగుంటే ఇంజను దడదడలాడి చచ్చి ఊరుకుంటుంది. ప్లేటు కాలిపోయి జారుతుంటే, ఏమీ పట్టనట్టు తిరుగుతూనే ఉంటుంది. ఇంజను చచ్చిందా, బండిలో లోపం లేదు. అంటే ఫెర్గలే రానంటున్నాడు, వెనక్కి తిప్పేద్దాం. బతికిందా, నోరుమూసుకుని తొయ్యండి."

"ఒట్టు?" అన్నాడు లోర్కన్.

"ఒట్టు."

నాలుగో గేరు పడింది. ఆవిడ కాలు మెల్లగా లేచింది... ఇంకొంచెం... పెడలు పైదాకా వచ్చేసింది.

కాలు పూర్తిగా తీసి పక్కన పెట్టింది.

ఇంజను తిరుగుతూనే ఉంది. హాయిగా, నింపాదిగా, భోజనం చేసి కునుకు తీసే పిల్లిలా.

డింప్నా తల స్టీరింగుకి ఆనించింది. లేచేసరికి కళ్లు తుడుచుకుని తిట్లు మొదలుపెట్టింది.

"వెధవల్లారా! తలుపు తెరవడానికి ఎడంచెయ్యి, హ్యాండ్ బ్రేకంటే భయం, నిట్టనిలువు ఎత్తులో బండిని ఆపేది సగం క్లచ్ మీద. దెయ్యానికి దణ్ణాలు పెడుతూ క్లచ్‌లు మీరే కాల్చుకుని, ఆ పాపిష్టిదాని మీదకి తోస్తారా? హ్యాండ్ బ్రేక్ వేసి నిలబడండని లక్షసార్లు నేర్పానే!"

లోర్కన్ నేల చూపులు చూశాడు. "కానీ ఎత్తు ఆపేసింది కదా వదినా..."

"ఆపింది ఎత్తు కాదు, మాలకీ. రా, భుజం పెట్టు."

లోర్కన్ టోపీ పెట్టుకున్నాడు. కోటు విప్పి పక్కనున్నవాడికిచ్చాడు. ముందుగా భుజం పెట్టింది అతనే. పదహారుమంది తోస్తే పది నిమిషాల్లో బండి పైకి చేరింది. అవతల అంతా దిగుడే. క్లచ్‌తో పనిలేకుండా ఫెర్గల్ దొర్లుకుంటూ పోయి, ఆరూ పదికి చర్చికి, మర్నాడు అత్తగారి పక్కకి చేరాడు.

కథ ఇంతటితో అయిపోతే బాగుండేది.

వారం తర్వాత బండిని మెకానిక్ కాహిర్ గ్యారేజీలో విప్పారు. మాలకీ ఉన్నాడు. తన మాటే నెగ్గిందని కళ్లారా చూసుకోడానికి డింప్నా కూడా వచ్చింది. కాహిర్ క్లచ్ ప్లేటు బయటికి లాగి, దీపం కింద పట్టుకుని, చాలాసేపు అటూ ఇటూ తిప్పాడు.

"మొన్న కాలడం నిజమే. కానీ ఇది మొన్నటి అరుగుడు కాదు," అన్నాడు. "మందమంతా పోయి చాలా రోజులైంది. మేకుల్లాంటి రివెట్లు పైకి తేలి, రుద్దుకుని, నున్నగా అద్దాల్లా మెరుస్తున్నాయి. ఊళ్లో చదునునేల మీద ఎలాగో దేకి ఉంటుంది. పెట్టె ఎక్కించుకుని కింద వంతెన దగ్గర్నుంచి ఆ మలుపుదాకా... మైలున్నర ఎత్తు. అసలు ఎక్కదు. అక్కడిదాకా ఎవరు తోశారు?"

"మలుపు తర్వాతే తోశారు," అన్నాడు మాలకీ. గొంతు గుసగుస అయిపోయింది. "అంతకుముందు... ఎవరూ తొయ్యలేదు."

ఇద్దరూ డింప్నా వైపు చూశారు.

"ఎవరు, ఫెర్గలా?" ఆవిడ పకపకా నవ్వింది. "ముప్ఫై ఎనిమిదేళ్లలో కారు ఆగిపోయినప్పుడల్లా నేనే దిగి తోశాను. ఆయన లోపల కూర్చుని, 'ఇంకాస్త గట్టిగా' అనేవాడు!"

నవ్వు ఆగింది. ఆవిడ ఆ మసి ప్లేటుని కాహిర్ చేతిలోంచి తీసుకుని, వేసుకున్నది మంచి కోటు అని కూడా చూడకుండా ఒళ్లో పెట్టుకుంది.

"మాలకీ," అంది చాలా మెల్లగా, "ఈ ఒక్కసారికీ... తోశాడంటావా?"