నకలు చెప్పిన నెంబరు

తలుపు తెరిచినవాడే కాల్చాడు.

సరిహద్దు ఊరిలో తాళాలు బాగుచేసే కొట్టు వెనక గది అది. వాన వెలిసిన సాయంకాలం. గడప అవతల చీకట్లో నిలబడ్డ మనిషి తనకు ఇచ్చిన నెంబరును గొంతు తగ్గించి చెప్పాడు. లోపలివాడు దాన్ని చిన్న స్క్రీన్ మీద కొట్టి చూశాడు. స్క్రీన్ ఎర్రబడింది. సైలెన్సర్ తగిలించిన పిస్టల్ జలుబు చేసిన ముసలివాడిలా ఒక్కసారి దగ్గింది. శవాన్ని లోపలికి లాగి లైటు వేశాక, కాల్చినవాడు పిస్టల్ కింద పెట్టి గోడకు జారగిలబడిపోయాడు. చచ్చినవాడి పెళ్ళికి సాక్షి సంతకం చేసింది తనే.

ఆ కబురు మోసుకొచ్చిన కొరియర్ వెళ్ళిపోయాక సర్వీసు అధిపతి గది తలుపు మూశాడు. అందరూ ఆయన్ని పెద్దాయన అంటారు. ఎదురుగా ఏజెంట్ నత్త కూర్చుని ఉన్నాడు. అతను పరిగెత్తగా ఎవరూ చూడలేదు గనక ఆ పేరు. అతను వెంటబడ్డవాళ్ళు మాత్రం చాలామందే పరిగెత్తారు, పాపం, ఎక్కువ దూరం పోలేదు.

"మన మనిషిని మన మనిషే చంపాడు," అన్నాడు పెద్దాయన. "ఇంతకుముందు ఇంకో ఇద్దరు ఇలాగే పోయారు. శత్రువులనుకుని సంబరపడ్డాం కూడా."

"నెంబరు తప్పు చెప్పాడేమో సార్."

"వాడా? పెళ్ళాం పేరు మరిచిపోతాడు గానీ నెంబరు మరిచిపోడు. ఎవరో లోపల చెయ్యి పెట్టారయ్యా. విదేశీ ముఠా మనింట్లోనే కాపురం పెట్టింది."

నత్త కుర్చీ అంచుకు జరిగాడు. "పొద్దున మా చెల్లెలు బయల్దేరింది సార్."

"తెలుసు. అందుకే నిన్ను పిలిచాను. చీకటి పడే వేళకు ఉత్తర దిక్కు సరిహద్దులో మన రహస్య స్థావరం తలుపు తడుతుంది. ఉత్తరం తలుపు అంటామే, అదే. అక్కడ ఫోన్ లేదు, రేడియో లేదు. శత్రువు వింటాడని తీసేయించిన తెలివిగలవాణ్ణి నేనే. నెంబరు కొడితే జవాబు చూపించే స్క్రీన్ ఒక్కటే మిగిలింది."

ఆ సర్వీసులో మనిషికి పేరు ఉండదు, ఫొటో ఉండదు. ప్రయాణం కట్టే ముందు అతని కోసం డేటాబేస్‌లో ఒక వరుస రాస్తారు. రాసిన వెంటనే మెషీన్ తనంతట తానే దానికో నెంబరు వేస్తుంది. హెడ్‌ఫోన్‌లో మెషీన్ గొంతే ఆ నెంబరును ప్రయాణికుడికి చెబుతుంది, పక్కవాడికి కూడా వినపడదు. అక్కణ్ణించి అదే అతని మొహం. మనిషి శత్రువుకు దొరికిపోతే అతని వరుసను ఎర్రచేస్తారు. ఎర్ర నెంబరు చెప్పుకుంటూ ఎవరొచ్చినా మాటల్లేవు, కాల్చడమే.

కాసేపటికి కంప్యూటర్ గదిలోకి ఏసీ మెకానిక్ ఒకడు వచ్చాడు. నూనె మరకల చొక్కా, భుజాన గ్యాస్ డబ్బా, చెవి మీద పెన్సిలు. కన్నతల్లి ఎదురైనా ఫిల్టరు కడగమని చెప్పి పోయేదే.

ఆ గదిలో ప్రోగ్రాములు రాసే బట్టతల ఇంజినీరును అందరూ అల్లుడు అంటారు. ఎవరొచ్చినా కుర్చీలోంచి లేవడు. టీ కూడా తన దగ్గరికే నడిచి రావాలి.

"చల్లగానే ఉందిలేవయ్యా, రేపు రా," అన్నాడు తల తిప్పకుండా.

"లోపల పావురాలు గూడు పెట్టాయట కదా?"

కీబోర్డు మీద అల్లుడి వేళ్ళు ఆగిపోయాయి. అది కోడ్ మాట. "గుడ్లు లేవు, ఈకలే ఉన్నాయి," అని బదులిచ్చి గొంతు తగ్గించాడు. "ఏంటి గురూగారూ, ఈ వేషం?"

"వేషం సంగతి తర్వాత. వరుస రాశాక దాని నెంబరు నీ ప్రోగ్రామ్‌కి ఎలా తెలుస్తుంది?"

"మెషీన్నే అడుగుతుంది. ఈ కనెక్షన్‌లో ఆఖరున పుట్టిన నెంబరు ఎంత అని. ఏళ్ళ తరబడి అదే అడుగుతున్నాం."

"నువ్వు రాయడానికీ అడగడానికీ మధ్య ఆ కనెక్షన్‌లో ఇంకేదీ పుట్టదా?"

"ఏం పుడుతుంది? నేను తప్ప..." అంటూనే అల్లుడు కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. ఆ దృశ్యం చూసినవాళ్ళు ఆఫీసులో అంతకుముందు లేరు. "ట్రిగ్గర్. మొన్న ఆడిట్ కోసమని ఒక ట్రిగ్గర్ పెట్టించారు. నేను ఇక్కడ వరుస రాయగానే మెషీన్ దాని నకలును ఇంకో టేబుల్లో రాసుకుంటుంది. ఆ నకలుకీ ఒక నెంబరు పుడుతుంది. అన్నిటికన్నా ఆఖరున పుట్టేది అదే."

"అంటే మనవాళ్ళ చెవిలో పడుతున్నది నకలు నెంబరు."

"మెషీన్ అబద్ధం చెప్పలేదు గురూగారూ. ఆఖరుది ఏదంటే ఆఖరుదే చెప్పింది. నా టేబుల్లో నేను రాసిన వరుస నెంబరు ఎంత అని అడగాల్సింది. అలా అడిగే పద్ధతి కూడా ఉంది. నేనే అడగలేదు."

అల్లుడు నకలు టేబుల్ తెరిచాడు. ఒకటి నుంచి మొదలవ్వాల్సిన లెక్క ఆరువందలు దాటినచోట మొదలైంది. అసలు టేబుల్లో ఆ నెంబర్ల చుట్టూ అంతా ఎరుపే. ఒకప్పుడు మన మనుషులు మూకుమ్మడిగా పట్టుబడిన కాలం నాటి వరుసలవి. ఎవరో ఆ గుంపును చూసుకుని, గురి పెట్టి మరీ లెక్క మొదలుపెట్టారు.

"ఎవరు పెట్టించారు ఆ ట్రిగ్గర్?"

"జవ్వాది గారు."

ఆ పేరు వినగానే నత్త గ్యాస్ డబ్బాను భుజం మీంచి చేతిలోకి తీసుకున్నాడు. జవ్వాది ఒకప్పుడు ఆ విదేశీ ముఠాకే తలమానికం. రహస్యాలు మూటగట్టుకుని ఇవతలి పక్కకి వచ్చేసింది. మనిషి కన్నా ముందు ఆమె సెంటు గదిలోకి వస్తుంది. ఆమె నవ్వితే పెద్దాయన అంతటివాడు కళ్ళజోడు తుడుచుకుంటాడు.

"మా చెల్లెలి వరుస తియ్యి. తొందరగా."

అల్లుడు కిందికి జరుపుతుండగానే స్క్రీన్ మీది వరుసలన్నీ ఒక్కసారిగా మాయమయ్యాయి. ఖాళీ టేబుల్ తెల్లగా మిగిలింది. అప్పుడే నత్త ముక్కుకి వాసన తగిలింది.

"ఆడిట్ అయిపోయింది, తుడిచేశాను," అంది జవ్వాది, వాళ్ళు స్క్రీన్‌లో మునిగి ఉండగా వచ్చి కూర్చున్న గుమ్మం పక్క కంప్యూటర్ దగ్గర్నించి లేస్తూ. చేతిలో లిప్‌స్టిక్ ఉంది. దాని మూతి నత్త గుండెల వైపు ఉంది. అందులోంచి రంగు రాదని అతనికి తెలుసు. "మెకానిక్‌వని నమ్మేదాన్నే బావా. మెకానిక్ అయితే ఈపాటికి నాలుగుసార్లు నన్ను చూసేవాడు."

"తప్పే. ఇప్పుడు చూస్తాను," అంటూ నత్త గ్యాస్ డబ్బా మీట నొక్కాడు. మంచు పొగ బుస్సుమని ఆమె మణికట్టును కమ్మేసింది. తూటా పైకప్పుకు తగిలింది. లిప్‌స్టిక్ నేల మీద దొర్లింది. అల్లుడు తన ప్రాణప్రదమైన కుర్చీని త్యాగం చేశాడు. నెట్‌వర్క్ కేబుల్‌తో ఆమెను దానికే కట్టేశారు.

కిటికీ బయట వెలుతురు పలచబడుతోంది.

నత్త పెద్దాయనకు ఫోన్ చేశాడు. అంతా విని ఆయన నిట్టూర్చాడు. "ఎర్ర వరుస మార్చాలంటే నా కీ కావాలి. ఒక్కదానికే ఇస్తాను. ఆ గుంపంతా విప్పితే శత్రువుకి మన తలుపులు బార్లా తెరిచినట్టే. నెంబరు చెప్పు."

"ఏ నెంబరు చెబుతాడు?" జవ్వాది నవ్వింది. "నకలు తుడిచేశానుగా. నీ చెల్లెలికి తప్ప ఇంకెవరికీ తెలీదు. ఆవిడ కూడా ఇంకాసేపే."

నత్త ఆమె వైపు చూడలేదు. "అల్లుడూ, వరుసల్ని తుడిచేస్తే లెక్క వెనక్కి పోతుందా?"

"పోదు. పుట్టిన నెంబరు మళ్ళీ పుట్టదు."

"అయితే నాకోసం ఒక వరుస రాయి. రాశాక రెండు ప్రశ్నలూ అడుగు. పాతదీ, నువ్వు అడగడం మరిచిపోయిందీ."

అల్లుడు రాశాడు. ఆఖరున పుట్టిన నెంబరు 622 అంది మెషీన్. అతను రాసిన వరుస నెంబరు 4127 అంది.

"పొద్దున మీ చెల్లెలి తర్వాత నేను ఎవర్నీ రాయలేదు. అంటే ఆవిడది 621."

"ఎంత అమాయకులు," అంది జవ్వాది మెల్లిగా. "మధ్యాహ్నం నేనొకటి రాసి రద్దు చేశాను. రద్దు చేసినా నెంబరు ఖర్చయిపోతుంది కదా. 620 విప్పుకోండి. 621 అంటే మాత్రం పిల్ల గతి అంతే."

ఆమె మాట నమ్మినా చెల్లెలు చావచ్చు, నమ్మకపోయినా చావచ్చు. నత్త జీవితంలో మొదటిసారి అతని కాలు ఆగకుండా ఊగుతోంది.

"నకలు టేబుల్లోకి జవ్వాది నేరుగా రాయగలదా?"

"లేదు గురూగారూ. తుడిచే హక్కే ఉంది. రాయాలంటే అసలు టేబుల్లో రాయాలి, అప్పుడే ట్రిగ్గర్ నకలు తీస్తుంది."

"అప్పుడు అసలు టేబుల్లో కూడా ఒక నెంబరు ఖర్చవ్వాలి. మా చెల్లెలి అసలు వరుస ఎంత?"

అల్లుడు చూశాడు. వేలితో చూపించాడు. 4126. ఆ వెంటనే నత్తది 4127. మధ్యలో చీమ దూరే సందు కూడా లేదు.

జవ్వాది నవ్వు మాసిపోయింది.

"621 సార్," అన్నాడు నత్త ఫోన్లో. పెద్దాయన ఒక్కో అక్షరం చదువుతుంటే అల్లుడు కీ కొట్టాడు. ఎర్ర వరుస తెరుచుకుంది. నత్త కీబోర్డు లాక్కుని దాన్ని పచ్చ చేసి, పక్కన ఏదో రాసి ఎంటర్ నొక్కాడు. పక్క స్క్రీన్ మీద ఆ క్షణంలోనే ఒక గీత వెలిగింది.

ఉత్తరం తలుపు. అడిగిన నెంబరు 621.

ఏది ముందు చేరిందో, రాతో ప్రశ్నో, ఎవరికీ తెలియదు. ముగ్గురూ ఊపిరి బిగబట్టారు, కట్టేసి ఉన్నావిడతో సహా. ఆ గీత పక్కన చుక్క తిరిగింది, తిరిగింది, ఆగింది. పచ్చ.

నత్త కీబోర్డును అల్లుడికి తిరిగిచ్చాడు.

పనిమీద వెళ్ళిన చెల్లెలు క్షేమంగా తిరిగొచ్చి, బ్యాగు కింద పెట్టకముందే అన్నను నిలదీసింది. "ఆ తలుపు దగ్గర మనిషికి ఏమయింది అన్నయ్యా? ముందు జేబులో చెయ్యి పెట్టాడు. స్క్రీన్ చూసి చటుక్కున లేచి నిలబడ్డాడు. ఉన్నన్నాళ్ళూ నా బూట్లు తనే తుడిచాడు. వద్దంటే కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. ఏం రాశావు?"

"తొందరలో తోచింది రాశానే. కాల్చొద్దు, పెద్దాయన సొంత చెల్లెలు అని."

పెద్దాయన తల్లిదండ్రులకు ఒక్కగానొక్క కొడుకు. ఆ వరుసను మళ్ళీ ఎర్రచేయమని అల్లుడు ఫైలు పెడుతూనే ఉన్నాడు. పెద్దాయన మాత్రం, ఈ వయసులో దొరక్క దొరక్క దొరికిన తోబుట్టువు, ఉండనీయవయ్యా అంటున్నాడు.