పావుగంటల లీకు

మంగళవారం మధ్యాహ్నం రెండుంబావుకి రెండు వందల మెగావాట్ల కరెంటు మాయమైంది.

ఎండ మండిపోతున్న వేళ ప్లాంటు ఆగింది. హోల్‌సేల్ మార్కెట్లో యూనిట్ ధర ప్రభుత్వ కమిషన్ పెట్టిన గరిష్ఠ పరిమితికి ఎగబాకి, మూడు గంటలు అక్కడే కూర్చుంది. అదే కంపెనీకున్న మరో రెండు ప్లాంట్లు ఆ ధరకే కరెంటు అమ్ముకున్నాయి.

కావాలని ఆపితే నేరం. చెడిపోయి ఆగితే కాదు.

కమిషన్ విచారణాధికారిణి ఈ ప్లాంటుకి రావడం ఇది నాలుగోసారి. మొదటిసారి ఆ రోజు లాగ్‌బుక్ కనబడలేదన్నారు. రెండోసారి తడిసిపోయిందన్నారు. మూడోసారి టైపు చేసిన నకలు చేతిలో పెట్టారు. బాయిలర్‌కు నీళ్లు పంపే పంపు లీకైందనీ, షిఫ్ట్ ఇంజనీర్ అలారం పట్టించుకోలేదనీ అందులో ఉంది. ఈ సాయంత్రం అతన్ని ఉద్యోగంలోంచి తీసేస్తారు. పంతొమ్మిదేళ్ల సర్వీసు.

కంట్రోల్ రూమ్ ఫోన్ రికార్డుల కోసం కంపెనీకి ఆమె రాసిన ఉత్తరానికి జవాబు లేదు. ఫైలు మూసేయమని పై అధికారి పొద్దున్నే పోరు పెట్టాడు. ఆమెకు తల బాదుకోవాలనిపించింది.

కాన్ఫరెన్స్ గదిలోకి ఇంజనీరూ, అతని వెనకే కంపెనీ ట్రేడింగ్ మేనేజరూ వచ్చారు. ఇద్దరిచేతా హాజరు కాగితం మీద వచ్చిన టైము వేసి సంతకం చేయించింది.

"పంపు లీకైందా?" ఇంజనీర్ని అడిగింది.

"లేదమ్మా. ఆపమని ఫోనొచ్చింది, ఆపాను. ఎన్నిసార్లు చెప్పమంటారు? నోరు నొప్పెడుతోంది."

"ఎవరు చేశారు?"

"పక్కనే ఉన్నారుగా. ఆయన్నే అడగండి."

మేనేజర్ నవ్వాడు. "నకలు మీ దగ్గరే ఉంది కదా మేడమ్. ఇంకా ఈయన కబుర్లెందుకు?"

"ఇది టైపు చేసిందెవరు?"

"కంట్రోల్ రూమ్ వాళ్లు. ఉన్నదున్నట్టు."

"మీరు చెయ్యి పెట్టలేదా?"

"నాకేం పని? పంపు ఎక్కడుంటుందో కూడా నాకు తెలీదు."

ఆమె ప్లాంటు ఆగడానికి ముందు నెల లాగ్‌బుక్ తెరిచింది. ఇంజనీర్ చేతిరాత. 9:07. 11:38. 2:52.

పక్కనే నకలు పెట్టింది. శబ్దం 1:30. ఒత్తిడి తగ్గింది 1:45. అలారం 2:00. ఆగింది 2:15. మరమ్మతు పూర్తి 5:15.

"కంట్రోల్ రూమ్‌లో నిమిషం చూసి రాస్తారు. పావుగంటలతో బతికేది మార్కెట్ వాళ్లు. అక్కడ బిడ్డింగ్ పావుగంటకే, ధర మారేదీ పావుగంటకే. ఈ పంపుకి కూడా మార్కెట్ అలవాటయిందా, సార్?"

"ఏదో అలా కలిసొచ్చింది మేడమ్."

ఆమె హాజరు కాగితం అతని ముందుకు జరిపింది. ఇంజనీర్ 10:53 అని వేశాడు. అతని వెనకే అడుగుపెట్టిన మేనేజర్ 11:00 అని వేశాడు.



"నకలు టైపైన కంప్యూటర్ మీ బల్ల మీదే ఉండాలి. ఇప్పుడే సీలు వేయించమంటారా?"

మేనేజర్ నుదురు తుడుచుకున్నాడు. "పైనుంచి చెప్పారు మేడమ్. నేను ఒట్టి గుమాస్తాని."

వాంగ్మూలం రాసిచ్చాడు. ఇంజనీర్ని తీసేసే కాగితం ఆగిపోయింది.

ఆమె పై అధికారికి ఫోన్ చేసింది. కంపెనీ మీద విచారణకు ఎనిమిది వారాల తర్వాత తేదీ ఇస్తామన్నాడు. పెద్ద వకీళ్లను పెడతారు, సాగుతుందన్నాడు. ఆ మూడు గంటల ధర కట్టినవాళ్ల సంగతేంటని అడిగింది. అవతల లైను కట్టయింది.

ఇంజనీర్ లేచాడు. "షిఫ్టుకి పోతానమ్మా."

హాజరు కాగితం దగ్గర ఆగి, గడియారం రెండుసార్లు చూసి, వెళ్లే టైము వేశాడు.

11:41.