నాలుగు సాంచాలకు ఒక లైనక్స్

మధ్యాహ్నం బెల్లు మోగింది. శైలజ మాత్రం కంప్యూటర్ గదిలోంచి కదలలేదు. ఆమె ముందు పెద్ద మానిటర్ ఉంది. దాని పక్కన అరచేతిలో ఇమిడే చిన్న కంప్యూటర్ బోర్డు ఉంది.

ఆ బోర్డు పనిచేయాలంటే మెమరీ కార్డులో లైనక్స్ ఎక్కించాలి. లైనక్స్‌లో చాలా రకాలున్నాయి. వాటిని డిస్ట్రోలంటారు. ప్రేమ్‌సాగర్ సార్ రెండు చూపించారు. మొదటిదానిలో నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు తప్ప ఏమీ లేవు. రెండోదానిలో కొండలు, మబ్బులు, రంగురంగుల గుర్తులు.

"మొదటిది పాడైన టీవీ లెక్కుంది సార్," అన్నాడు తోటి విద్యార్థి వినోద్. శైలజ పకపకా నవ్వింది.

"మీ తాత షెడ్డుల మానిటర్ ఉంటదా?" సార్ అడిగారు.

"ఉండది సార్. అయినా మంచిగున్నదే పెడత."

"పాత బోర్డమ్మా. ఎక్కువ బరువు మొయ్యదు. ఆలోచించుకో."

శైలజ ఆలోచించలేదు. కొండలున్నదే ఎక్కించింది.

శైలజ తాత రాజలింగం సిరిసిల్లలో ముత్యం అనే ఆసామికి చెందిన మగ్గాల షెడ్డులో నాలుగు సాంచాలు నడుపుతాడు. అక్కడ మరమగ్గాన్ని సాంచా అంటారు. బట్ట అంచున పోగు తెగితే వెంటనే సాంచా ఆపి ముడి వేయాలి. లేకపోతే బట్టలో గీత పడుతుంది. ఈమధ్య తాతకు చూపు తగ్గింది. గీతలు పడుతున్నాయి.

"అన్నా, ఇంకోసారి గిట్లయితే సాంచాలు వేరేటోళ్లకు ఇస్త. ఏమనుకోకు," అన్నాడు ముత్యం ఒకరోజు.

ఆ రాత్రి తాత సరిగ్గా అన్నం తినలేదు. అది చూసే శైలజ ఈ పని మొదలుపెట్టింది. అంచు పోగుకు ఒక పిన్ను వేలాడుతుంది. పోగు తెగితే పిన్ను కింది తీగ మీద పడుతుంది. ఆ సంగతి బోర్డుకు తెలుస్తుంది. వెంటనే గోడ మీద ఆ సాంచా నంబరున్న ఎర్ర బల్బు వెలుగుతుంది.

ఆదివారం పొద్దున తాత రోజూలాగే సాంచాలకు ఊదుబత్తి చూపించాడు. తర్వాత బోర్డు ముందు కూడా తిప్పి దండం పెట్టాడు.

"గిది సుత మన పనికే వచ్చింది గద బిడ్డా."

"ఇగ నువ్వు పోగులు చూసుడు బంద్ తాతా. బల్బు చూస్తె సాలు," అంది శైలజ.

కాసేపు అంతా బాగానే జరిగింది. బల్బు వెలిగినప్పుడల్లా తాత వెళ్లి ముడి వేశాడు. అంతలో కరెంటు పోయింది. మళ్లీ వచ్చింది. తాత హ్యాండిళ్లు గుంజాడు. సాంచాలు దడదడా కదిలాయి. బోర్డు మాత్రం ఇంకా లేవలేదు. తెరే లేని చోట కొండలను, మబ్బులను సిద్ధం చేసుకుంటోంది.

సరిగ్గా అప్పుడే నాలుగో సాంచాలో పోగు తెగింది. పిన్ను పడింది. బల్బు వెలగలేదు. తాత బల్బునే చూస్తూ నిలబడ్డాడు.

ముత్యం వచ్చి బట్ట ఎత్తి చూశాడు. మూరెడు గీత.

"నువ్వు సాంచాలు నడుపుతున్నవా, బల్బులు సూస్తున్నవా అన్నా?"

తాత తల దించుకున్నాడు. కరెంటు పోయిందని శైలజ చెప్పవచ్చు. అది నిజమే. కానీ ఆ షెడ్డులో కరెంటు పోవడం కొత్త సంగతా?

"తాతది తప్పు లేదు కాకా," అంది శైలజ. "పోగులు చూడొద్దని నేనే చెప్పిన. లేవనీకె టైం పట్టేది పెట్టింది సుత నేనే."

ముత్యం ఆమె వైపు చూశాడు. "రేపటి దాకా ఆగుత," అని వెళ్లిపోయాడు.

శైలజ తాత పక్కన కూర్చుంది.

"కరెంటు వచ్చినంక ఎంత సేపట్ల సాంచాలు నడుపుతవ్ తాతా?"

"ఎంత సేపేంది బిడ్డా? రాంగనే గుంజుడే. నీళ్లు సుత తాగ."

మరునాడు బడిలో శైలజ నల్ల తెర లైనక్స్ ఎక్కించడం వినోద్ చూశాడు. "ఏమాయె, నీ కొండలు కూలినయా?"

"మంచిగనే ఉన్నయిరా. షెడ్డుల వాటిని చూసేటోళ్లే లేరు."

నిజానికి ఆ కొండలు అందంగానే ఉన్నాయి. అందమైనదాన్ని కోరుకోవడం తప్పని ఎవరనగలరు?

సాయంత్రం షెడ్డులో శైలజ కార్డు పెట్టింది. తాత బల్బుల వైపు తిరిగాడు. ఆమె అతని భుజం పట్టి సాంచాల వైపు తిప్పింది.

"నువ్వు పోగులే చూడు తాతా. ముందు దీని సంగతి నేను చూస్త."

బోర్డు స్విచ్ ఆపింది. మళ్లీ వేసింది. "ఇప్పుడొక పోగు తెంపు తాతా."

"నా చేత్తోనా?" తాత బిత్తరపోయాడు. ఇన్నేళ్లూ తెగిన పోగులు కలిపిన వేళ్లు అవి. మనసులో దేవుణ్ణి తలుచుకుని ఒక పోగు తెంపాడు.

ఎర్ర బల్బు టక్కున వెలిగింది.

గుమ్మం దగ్గర నిలబడిన ముత్యం నవ్వాడు. "ఏందన్నా, ఇయ్యాల తెంపుడు పని పెట్టుకున్నవా? రేపు కొత్త నూలు బీము వస్తది. నీ నాలుగో సాంచాకే ఎక్కించు."

తాత ముఖం విప్పారింది. వంగి, తెగిన పోగుకు ముడి వేశాడు.

శైలజ అప్పటికే ఇంకోసారి స్విచ్ ఆపి, మళ్లీ వేసింది.

"ఇంకోటి తెంపు తాతా," అంది.