ఎంగిలి బండ

వికారాబాద్ నుంచి తాండూరు పోయే దారిలో, కంది చేల మధ్య ఒక కాటేజీ ఉంది. జంటలకు, చిన్న కుటుంబాలకు అని బోర్డు. ఫోన్లో చూస్తే పొగడ్తలే పొగడ్తలు. పక్క ఊరివాళ్లు మాత్రం అక్కడ పచ్చి మంచినీళ్లు కూడా ముట్టరు.

ఎందుకో నాకు వినీత చెప్పింది. ఆఫీసులో నా పక్క సీటే. విన్న రోజు నాకు అన్నం సహించలేదు.

వినీతకు ఉన్న బెంగ ఒక్కటే — నాలుగేళ్ల కూతురు అమూల్య ముద్ద మింగదు. ఏం పెట్టినా ఉమ్మేస్తుంది. పిల్ల ఎముకల గూడు అయిపోయింది. చోటు మారితే తింటుందేమోనని భర్త ధనరాజ్ ఒక రాత్రికి ఆ కాటేజీ తీసుకున్నాడు.

వరండాలో ఆరడుగుల తాండూరు బండ, కింద రెండు ఇటుక దిమ్మెలు. అదే భోజనాల బల్ల. ఎంత తుడిచినా ఏదో జిడ్డు… చెయ్యి పెడితే అంటుకుంటోందట. అక్కడ పనిచేసే భాగమ్మ జొన్నరొట్టె, మటన్ కూర వడ్డించి, పోతూ పోతూ వినీత చెవిలో గుసగుసలాడింది.

“ఎంగిలి కంచాలు బండ మీద ఉంచకుండ్రి అమ్మా… జర యాదుంచుకోండ్రి.”

“కుక్కలొస్తయా?”

“కుక్కలా… అవి ఇటు దిక్కే రావు.”

అమూల్య ఎప్పటిలాగే ఉమ్మేసింది. విసిగిపోయిన వినీత కంచాలు అక్కడే వదిలేసి పడుకుంది.

అర్ధరాత్రి ఏదో చప్పుడు. చప్… చప్… చప్…

పక్కలో పిల్ల లేదు!

వరండాలోకి ఉరికింది. బండ మీద మఠం వేసుకుని కూర్చుంది అమూల్య. బుగ్గలు నిండుగా ఉన్నాయి. దవడలు ఆడుతున్నాయి. వినీతకు భయం కన్నా ముందు సంతోషం వచ్చిందట — నా బిడ్డ తింటోంది!

దగ్గరికి పోతే గుప్పున పొగాకు కంపు. పిల్ల నోట్లో వేలు పెట్టి చూసింది. మెత్తగా నలిగిన మాంసం ముద్ద… వెచ్చగా, జిగురుగా, తీగలు సాగుతూ. కంచంలోని ఎముకలు చీకి చీకి తెల్లబడిపోయి ఉన్నాయి.

“ఎవలు పెట్టిన్రు బిడ్డా?”

“తాత. నమిలి పెడ్తుండు.”

ఛీ!

తెల్లవారి భాగమ్మ ఆ కంచాలు చూసి తల పట్టుకుంది.

“మా మామ సమాధి మీది బండమ్మా అది. మేం ఈ పొలం అమ్మినంక, బల్లకు పనికొస్తదని మేస్త్రి పీకిండు. పెద్దలకు పెట్టే పెత్రమాస నాడు మామ పేరు మీద బువ్వ దాని మీదనే పెట్టెటోళ్లం. ఏడాదికి ఒక్కపారి. గిప్పుడు రోజూ ఎవలో ఒకలు పెడ్తనే ఉన్నరు గద…” తెల్లబడ్డ ఎముకను వేలితో కదిపింది. “మామ ఒక్కడే తినెటోడు గాదు. మనుమలకు నమిలి పెట్టందే ఆయనకు ముద్ద దిగకపోయేది.”

“మరి నా బిడ్డను ఇడుస్తడా?”

భాగమ్మ కంచాలు ఎత్తుకుని గబగబా లోపలికి పోయింది.

మొన్న పాపను చూద్దామని వాళ్లింటికి వెళ్లాను. గుర్తుపట్టలేకపోయాను. బుగ్గలొచ్చి ముద్దుగా అయింది. వినీత పాప ముందు కంచం పెట్టింది. లైటు ఆర్పింది. నన్ను బయటికి లాగి తలుపు దగ్గరగా వేసింది.

“జర ఆగు… మనం చూస్తుంటే తినదు.”

లోపల చప్… చప్… తలుపు సందులోంచి పొగాకు కంపు కొట్టింది. నేను కొంగుతో ముక్కు మూసుకున్నాను.

“వినీతా, ఏం పనే ఇది?”

ఆమె తలుపుకు వీపు ఆనించి, నాకు అడ్డంగా నిలబడింది.

“ఒక్క నెలల రెండు కిలోలు పెరిగింది,” అంది మెల్లగా.