నుడిముద్ర తప్పిన మనిషి

ఎదుట కూర్చున్న ముసలాయన రాతపలక మీద రాయడం ముగించి తలెత్తాడు. పలక అంచున ఎర్రదీపం వెలిగింది. ఆయన మోక్షిత్ కాదని నుడికొలమాని మళ్ళీ తేల్చింది.

“నేనే గద బిడ్డా. ఇంకెవలుంటరు?” అన్నాడు మోక్షిత్.

కనకవ్వకు ఇది రోజూ వినే మాటే. పాత పేర్లు మళ్ళీ ఫ్యాషనైన రోజుల్లో పుట్టిన ఆమె, కరీంనగర్ నుడిముద్ర కార్యాలయంలో శైలి పరీక్షకురాలు. మొహానికీ గొంతుకూ వేలిముద్రకూ నకళ్ళు పుట్టుకొచ్చాక, మనిషిని పట్టించేది మాట కూర్చే తీరొక్కటే మిగిలింది. ఎవరి వాక్యం ఎంత పొడవు, ఎక్కడ ఆగుతారు, ఏ మాటను ఊతంగా పట్టుకుంటారు అన్నదే ఇప్పుడు గుర్తింపు. ఒకప్పుడు సాహిత్య విద్యార్థులు తలలు పట్టుకుని చదివిన శైలిశాస్త్రం తలుపులకు తాళమైంది. బ్యాంకు గుమ్మంలోనూ, ఆసుపత్రి గుమ్మంలోనూ కొలమానే కాపలా. అది పొరబడదు. కనకవ్వ విసుగంతా అందుకే. పొరబడేదైతే నాలుగు తిట్లు తిట్టి ఊరుకునేది.

మోక్షిత్ భార్య తన్వికకు మతిమరుపు ముదిరి చాలా ఏళ్ళయింది. తుంటి ఎముక విరిగితే అంబులెన్సులో తీసుకుపోయి ఆపరేషన్ చేశారు. ఆయన మాత్రం కొలమాని ఒప్పుకోక గుమ్మం దగ్గరే ఆగిపోయాడు. ఆయన తినిపిస్తే తప్ప ఆమె తినదు. గొట్టం వేస్తే పీకేసుకుంటోంది. మొన్నటి నుంచి ముద్ద ముట్టలేదు.

“నుడిముద్ర మధ్యమధ్యల మార్పించుకోవాలె గద బాపూ. ఎందుకు రాలే?”

“ఆమెను ఎవలికి అప్పజెప్పి రావాలె బిడ్డా?”

ఇప్పుడు కొత్త ముద్ర వేయాలంటే ముందు పాత ముద్రతో తాను తానేనని రుజువు చేసుకోవాలి. ఆ నిబంధన రాసిన మహానుభావుణ్ణి కనకవ్వ మనసులోనే తిట్టుకుని, ఆయన పాత రాత తెరిచింది.

ముప్పై ఏళ్ళ కిందటి మోక్షిత్ బస్సు డిపోలో కార్మిక నాయకుడు. ఆయన వాక్యం డిపో గేటు దగ్గర బయలుదేరి, ఊరంతా తిరిగి, జనాన్ని ఎక్కించుకుని గానీ ఆగేది కాదు. ‘మిత్రులారా’ అనకుండా ఇంట్లో మంచినీళ్ళు కూడా అడిగేవాడు కాదేమో. ఈ రోజు రాతలో ఆ మనిషి జాడే లేదు. ‘చలి పెడుతుందా? కిటికీ మూయనా? ఎండ వచ్చింది, చూసినవా?’ అన్నీ చిన్న చిన్న ప్రశ్నలు.

“మీ గురించి రాయమంటే ఇవేంది?”

“రాయవోతే గివ్వే వస్తున్నయి. ఇంట్ల గిట్లనే మాట్లాడుత. మాట జర పొడుగైతే ఆమెకు బుగులైతది, భయంతోని ముడుసుకుంటది.”

కనకవ్వకు జాలేసింది. ఈ ఉద్యోగంలో జాలి పడే ఓపిక ఎప్పుడో అయిపోయిందనుకుంది. కొలమాని నిజమే చెబుతోంది. ఆమె గది తలుపు మూసి, పరీక్షకులు చేయకూడని పని చేసింది. పాత రాతను ఆయన ముందు పెట్టి, ఆ వాక్యాలను మళ్ళీ మళ్ళీ చదివించింది. ‘కాబట్టి’ ఎక్కడ పడుతుందో, ‘అంతేకాదు’ ఎప్పుడొస్తుందో నేర్పింది. ముసలాయన ఒకప్పటి తనను తానే కాపీ కొట్టాడు. సాయంత్రానికి పచ్చదీపం వెలిగింది. కొత్త ముద్ర చేతికి రావడానికి ఇంకా వారం పడుతుంది, తన్విక ఆకలి అంతదాకా ఆగదు.

ఆసుపత్రికి ఆమె కూడా వెళ్ళింది. అక్కడ గదిలో మాట్లాడే మాటలను కూడా కొలమాని తూస్తుంది. మోక్షిత్ గిన్నె పట్టుకుని మంచం దగ్గర నిలబడి గొంతు సవరించుకున్నాడు.

“తన్వికా, ఎన్ని ఆటంకాలు ఎదురైనా, ఎన్ని తలుపులు మూసుకున్నా, వెనకడుగు వేయకుండా నీ కోసం వచ్చిన నేను, అంతేకాదు, నీ ఆరోగ్యమే నా ఆరోగ్యమని నమ్మిన నేను...”

తలుపు మీద పచ్చదీపం నిలకడగా వెలుగుతోంది. తన్విక దుప్పటి గుంజుకుని గోడవైపు జరిగింది.

“ఎవలు నువ్వు?” అంది. తర్వాత కనకవ్వను చూసి, “రోజూ నన్ను చలి పెడుతుందా అని అడుగుతడు గద, ఆయనేడి? ఆయన్ని పిలువుండ్రి” అని ఏడ్చింది.

మోక్షిత్ ఆ ఉపన్యాసం వదిలేశాడు. మంచం అంచున కూర్చుని, “పెరుగన్నం తెచ్చిన. ఒక్క బుక్క తింటవా?” అన్నాడు.

ఎర్రదీపం వెలిగింది. తన్విక ఆయనవైపు తిరిగి నోరు తెరిచింది.

కాపలా మనిషి పరిగెత్తుకొచ్చాడు. కనకవ్వ కుర్చీని గుమ్మానికి అడ్డంగా లాక్కుని కూర్చుంది. ఇక ఈ ఉద్యోగం ఉండదని తెలుసు. పొద్దుటి నుంచి పడ్డ అలసటకు ఆమెకు నిద్ర వస్తోంది.

“మేడమ్, వేరేటోడని చూపిస్తుంది!”

“వేరేటాయనే. కొలమాని తప్పు చెప్పలే. ఆమె పెండ్లి చేసుకున్నాయన ఎప్పుడో పోయిండు. ఆమె అడుగుతున్నది గీయన్నే.”

“మరి ఏ పేరు మీద రానియ్యాలె?”

ఆమె కుర్చీలోంచి లేవలేదు. “తినేదాక ఆగు. తర్వాత మా ఇద్దర్ని పట్టుకపో” అంది.

ఆ మాటలన్నీ మోక్షిత్‌కు వినపడ్డాయి. పోయినవాడి కోసం ఆయనకు దుఃఖం వచ్చింది. చేయి ఆగిపోయింది. తన్విక మాత్రం నోరు తెరుచుకునే ఉంది. ఆయన కళ్ళు తుడుచుకోకుండానే ఇంకో ముద్ద కలిపాడు.